మాండలిన్ మెడలో స్క్రూ

మా చిన్నప్పుడు... నాచారంలో మా రేకుల ఇంట్లో, మా అమ్మ నా తల నిమిరి ఒక మాట ఇచ్చింది. "నువ్వు ఊకో బిడ్డా. ఐతారం మామ రాంగనే ఉన్నదున్నట్టు నేనే చెప్త."

ఆ ఆదివారం వచ్చింది, పోయింది. నాకిప్పుడు డెబ్భై దాటాయి...

సంగతి ఒక మాండలిన్‌ది. మా మేనమామ నర్సింహులుది. అప్పటికే పాతది... వెనకభాగం సగానికి కోసిన సొరకాయ బుర్రలా ఉండేది. ప్రతి ఆదివారం మల్కాజిగిరి నుంచి సైకిల్ మీద వచ్చి నాకు నేర్పేవాడు. వారమంతా సాధన చేసుకోమని మా ఇంట్లోనే ఉంచేవాడు. పదో తరగతి పాసైతే అది నీదేనన్నాడు. కన్నకొడుకు యాదగిరి ఉండగా నాకు ఇస్తాననడం... యాదగిరి బావకు గుచ్చుకుంది.

తీగలు ఎంచడం మామ దగ్గరే చూడాలి. పొట్లం విప్పి ఒక్కో తీగనూ రెండు వేళ్ల మధ్య జార్చేవాడు. సన్నవే కావాలి... పాత చెక్క లావు తీగల లాగుడుకు ఓర్వదు. కొసన ఉచ్చు ఉండాలి, గిటారు తీగకున్నట్టు గుండు కాదు. ఎనిమిదీ ఒకేసారి విప్పకూడదు, ఒకటి కట్టాకే ఇంకొకటి. భుజాన వేసుకునే పట్టీ అంటే తోలు తాడే... తల దగ్గర, తీగల కింద నుంచి ఒక ముడి. చెక్కకు ఇనుము తగలొద్దనేవాడు.

బావ మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆ ఏడు వినాయకుడి మండపంలో నిలబడి వాయించాలని మోజు పడ్డాడు. డోలక్ మోతలో వినబడాలని మా ఇంటికి గిటారు తీగలు తెచ్చి, గుండ్లు కత్తిరించి, కొసలు మెలిపెట్టి ఎక్కించాడు. తాడు ముడి మీద అతనికి నమ్మకం లేదు... ఏది నిలవాలన్నా స్క్రూ పడాలన్నది కార్ఖానా చదువు. పట్టీ కోసం మెడ మొదట్లో రంధ్రం చేసి స్క్రూ బిగించాడు. వద్దని నేను ఏడుస్తూనే ఉన్నాను.

మాండలిన్ కదలకుండా పట్టుకున్నది మా అమ్మ.

మూడో రోజుకు మెడ వంగింది. ముందువైపు చెక్క లోపలికి కుంగింది...

ఆదివారం మామ దాన్ని ఒళ్లో పెట్టుకుని కుంగిన చోట తడిమాడు. బావ ముందే అందుకున్నాడు. "వీనికి ఓపిక లేదు బాపు. నేను వద్దన్నా ఇన్లే." నేను కాదన్నాను. మామ నా వైపు చూడలేదు. అమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు చెల్లె. ఎవరు జేసిన్రు?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏమో అన్నా... నేను వంటింట్ల ఉన్న."

మా అక్కను బావకిచ్చే మాట అంతకు నెల ముందే ఖాయమైంది. అది నాకు తర్వాత అర్థమైంది. అర్థమైతే మాత్రం ఏం?

మామ మాండలిన్ తీసుకుపోయాడు. మళ్లీ నేర్పలేదు. చనిపోయేదాకా, ఆఖరికి నా చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చినా, "పైలంరా" అని జాగ్రత్త చెప్పేవాడు.

ఈమధ్య బావ పోయాడు. బోడుప్పల్‌లో పరామర్శకు వెళ్తే, బామ్మర్ది పాడుచేసిన వాయిద్యాన్ని కూడా ఎంత భద్రంగా దాచాడోనని ఒక పెద్దమనిషి నా ఎదుటే మెచ్చుకున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. అక్క ఆ మాండలిన్‌ను నా చేతిలో పెట్టింది. ఉప్పల్‌లో సన్న తీగలు వెతికి తెచ్చాను. ఒక్కొక్కటే కట్టాను. తోలు తాడు ముడివేశాను... కుంగిన చెక్క మీద ఒక్క స్వరమూ నిలవలేదు.

ధర్మం గురించి అల్మారా నిండా పుస్తకాలు చదివినవాణ్ని. ఆ వంటింటి మాటను మాఫీ చేసే వాక్యం ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు మా గల్లీలో గుమ్మానికో కెమెరా... అబద్ధం అర నిమిషంలో బయటపడుతుంది. మా రోజుల్లో మనుషుల మీదే ఆధారపడ్డాం. మీ ఇళ్లలోనూ అన్నీ చూసి చూడలేదన్నవాళ్లుంటే కింద రాయండి. పేరుతో సహా రాయండి.

మామను ఎప్పుడో వదిలేశాను. బావకు కూడా మొన్న మట్టి వేసి వచ్చాను. నేను ఈనాటికీ తప్పుపట్టేది మా అమ్మను... లక్ష్మమ్మను.