మేడమ్ గారి చాకు, నా ఇటుకపొడి

పోయిన ఆదివారం పొద్దున బాపట్లలో మా ఇంటి ముందు సాన పట్టే మస్తాన్ సైకిలుకు స్టాండు వేసి, నేనిచ్చిన పాత మడత చాకు కీలులో రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేశాడు. ఆ వాసన తగలగానే నేను బాపట్లలో లేను. రేపల్లెలో, రాజేశ్వరి మేడమ్ వరండాలో, పాత దుప్పటి పరిచిన బల్ల ముందు ఉన్నాను. మస్తాన్ ఏదో అంటున్నాడు. రెండోసారి అన్నాక గాని నా చెవికి ఎక్కలేదు. ఆయనేమన్నాడో తరువాత చెబుతాను. మేడమ్ ఎవరో తెలియకుండా ఆ మాట విన్నా మీకేమీ అనిపించదు.

రాజేశ్వరి మేడమ్ నా మొదటి ఉద్యోగంలో మా బడి హెడ్‌మిస్ట్రెస్. తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చిపోవడం నా వల్ల కావడం లేదని తెలిసి, తన ఇంట్లో పక్క వాటా నాకు అద్దెకిచ్చారు. పెళ్లి చేసుకోలేదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు మాత్రం ప్రార్థనలో వెనక వరసదాకా మైకు లేకుండానే వినపడేది. ఆవిడకున్న ఒకే ఒక్క పిచ్చి, పాత మడత చాకులు పోగు చేయడం. చేప ఆకారంలో ఇత్తడి పిడి ఉన్నవి, కొమ్ము పిడివి, ఓడ కళాసులు వాడినవి, డబ్బా మూత తెరిచే కొక్కెం ఉన్నవి, అన్నీ బిస్కట్ల రేకు డబ్బాల్లో నిద్రపోతుండేవి. ఆడమనిషికి ఈ చాకులేంటని ఊరు నవ్వేది. మా స్టాఫ్ రూములో అయితే, "మేడమ్‌కి లీవు లెటరు దూరంనుంచే ఇవ్వండి" అనేవాళ్లు. నేను కూడా నవ్విన దాన్నే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ దాచుకోకుండా చెప్పారు. వాళ్ల నాన్న సుబ్బయ్య గారు ఈ బాపట్ల వైపు తోటల్లో మామిడి, సపోటా అంట్లు కట్టేవారట. ఆయన మొలలో ఎప్పుడూ ఒక కొమ్ము పిడి చాకు ఉండేదట.

"మా నాన్నది ఎడంచేతి వాటం. ఎడం చేత్తో కట్టిన అంటు బతకదని కొందరు రైతులు ఆయన్ని పిలిచేవాళ్లు కాదు. పిలిచినవాళ్ల తోటలు వెళ్లి చూడు, ఇప్పటికీ కాస్తున్నాయి. నాకు ఏడేళ్లప్పుడు ఆ చాకు పిడికున్న ఇత్తడి పట్టీ మీద పిన్నీసుతో ఏదో గీశాను కూడా. తిడతాడనుకున్నా. నవ్వి ఊరుకున్నాడు."

"ఇప్పుడా చాకేదండి?"

"నాన్న పోయినప్పుడు నేను ట్రైనింగులో ఉన్నా. వచ్చేసరికి మా అన్నలు ఆయన పనిముట్లన్నీ పాత ఇనుప సామాన్లవాడికి వేసేశారు. కత్తెర, గునపం, చాకు అన్నీ. వాళ్ల తప్పేం లేదులే, వాళ్లకది ఇనుమే."

అంటే ఆవిడ పోగు చేస్తున్నవి చాకులు కావు. ఒక చాకును వెతుకుతూ, దారిలో దొరికినవాటిని వదల్లేక ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఆ మాట విన్నాక నాకు నవ్వు రాలేదు. మరుసటి రోజు నేనే ఆవిడ ఫోన్లో పాత వస్తువులు అమ్మేవాళ్ల గ్రూపు ఒకటి వెతికి చేర్పించాను. ఆ తరువాత మా ఇంటికి పార్సెళ్లు మొదలయ్యాయి.

పార్సెల్ కోసం ఎదురుచూడటంలో మేడమ్‌కీ నాకూ పొంతనే లేదు. ఆర్డరిచ్చిన గంట నుంచే నేను ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. "గుంటూరు దాటిందండి! తెనాలి చేరిందండి! తెనాలిలోనే ఆగిపోయిందండి!" అని రన్నింగ్ కామెంటరీ. ఆవిడ కంది పప్పు ఏరుకుంటూ, "దానికీ కాళ్లు నొప్పి పుట్టవూ? రానీయమ్మా" అనేవారు. వచ్చాక కూడా విప్పేవారు కాదు. ఒక రోజంతా అది అలమార మీద ఉండాల్సిందే. మర్నాడు సాయంత్రం దుప్పటి పరిచి, దారం కోయకుండా ముడి విప్పి, కాగితం చిరగకుండా తీసి, అప్పుడు చూసేవారు. చూసి, మెత్తటి గుడ్డతో ధూళి తుడిచి, కీలులో ఒక్క చుక్క మిషను నూనె. అంతకుమించి చెయ్యి పెట్టరు. తుప్పు మరకైనా, పిడి మీద ఎవరి పంటిగాటైనా ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. చాకును నాకు చూపించాలన్నా చేతికిచ్చేవారు కాదు. చేతికిస్తే గొడవలొస్తాయట. బల్ల మీద పెడితే నేను తీసుకోవాలి.

చివరికి ఒక చీటీ రాయించేవారు, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాతోనే. పైన ఎక్కడినుంచి వచ్చిందో, కింద "ఎవరిది" అని ఇంకో వరస. దానికెదురుగా దాదాపు అన్నిటికీ "తెలియదు" అనే రాసేదాన్ని. "తెలియదని రాసేదానికి చీటీ ఎందుకండి?" అని ఒకసారి విసుక్కున్నాను. "తెలియదన్నది కూడా రాయాలి. ఖాళీగా వదిలితే అడగలేదనుకుంటారు" అన్నారు.

నాకు చేతి దురుసు. ఏదైనా వంకరగా కనిపిస్తే సరిచేసేదాకా ఊపిరాడదు. ఆ ఏడాదే నాలుగో తరగతి పిల్ల ఒకతె నోట్సులో లెక్కలన్నీ కొట్టివేతలతో నింపిందని, ఆ పేజీ చింపి మళ్లీ రాయమన్నాను. మేడమ్ ఆ చింపిన కాగితం చెత్తబుట్టలోంచి తీసి, ఇస్త్రీ చేసినట్టు చేత్తో సాపు చేసి, నా బల్ల మీద పెట్టారు.

"తప్పు కూడా దానిదే కదమ్మా. నువ్వెలా చింపుతావు? ఉంచి, పక్కన సరైంది రాయించు."

సరేనన్నాను, మనసులో చాదస్తం అనుకున్నాను. ఆ మాట నాకు ఎక్కడానికి ఒక చాకు పాడవ్వాల్సి వచ్చింది.

దసరా సెలవులకు ముందు పేరాలలో ఉన్న ఒక పాత సామాన్ల వ్యాపారి గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. కొమ్ము పిడి, ఇత్తడి పట్టీ, నల్లబడిపోయిన బ్లేడు. మసక ఫోటో. మేడమ్ దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, చాలాసేపు చూశారు. అప్పటికే ఆవిడకు కళ్లలో శుక్లాలు. ఆపరేషనుకు తెనాలి వెళ్లాల్సిన రోజులు.

"నాన్న చాకు లాంటిదే" అన్నారు.

"బస్సెక్కి నేనెళ్లి తెచ్చేస్తానండి" అంటే ఒప్పుకోలేదు. "వద్దు. పోస్టులోనే రానీ" అన్నారు. అన్న మనిషే తెనాలి బయలుదేరేముందు గుమ్మంలో ఆగి, "ఈ ఒక్కటి కాస్త తొందరగా వస్తే బాగుండు" అన్నారు. ఆవిడ నోట తొందర అన్న మాట వినడం నాకదే మొదటిసారి. "వస్తే అలమార మీద పెట్టు. విప్పొద్దు" అని కూడా చెప్పారు.

ఆపరేషనయ్యాక మేడమ్ తెనాలిలోనే చెల్లెలు విశాలాక్షి గారింట్లో మూడు రోజులు ఉన్నారు. నేను పండక్కి మా అమ్మ దగ్గరకు వెళ్లకుండా పార్సెల్ కోసం ఆగిపోయాను. ఆయుధపూజ ముందురోజు మధ్యాహ్నం అది వచ్చింది. అలమార మీద పెట్టాను. గంటసేపు దానికేసి చూశాను. మర్నాడు మేడమ్ వస్తున్నారు, కొత్త కళ్లతో. పైగా ఆయుధపూజ. వాళ్ల నాన్న చాకు లాంటి చాకు. దానికి పూజ చేసి, మిలమిలా మెరుస్తుండగా ఆవిడ చేతిలో పెడితే ఎంత బాగుంటుంది! ఇంత మంచి ఆలోచన నాకు తప్ప ఇంకెవరికి వస్తుందని మురిసిపోయి, పార్సెల్ విప్పేశాను.

మా అమ్మ పండగ ముందు ఇత్తడి సామాను తోమితే అందులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. నేను ఆవిడ కూతుర్ని. చింతపండు నానబెట్టాను. ఇటుక కొట్టి పొడి జల్లించాను. ఇత్తడి పట్టీ మీద నల్లటి గీతలేవో ఉంటే, మురికి అనుకుని, పీచుతో పోక, గరుకు కాగితం తెచ్చి మరీ రుద్దాను. రెండు గంటల్లో పట్టీ బంగారంలా తేలింది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బల్ల మీద చామంతుల మధ్య ఉంచాను.

మర్నాడు పొద్దున మేడమ్ నల్ల కళ్లద్దాలతో ఆటో దిగారు. బల్ల దగ్గరకు తీసుకొచ్చాను. అద్దాలు తీశారు. చాకును చూశారు. నేను పొగడ్త కోసం నిలబడి ఉన్నాను.

"తోమావా?" అన్నారు.

"అవునండి! మొత్తం నల్లగా పట్టిపోయిందండి."

ఆవిడ చాకును కిటికీ వెలుతురుకు ఎత్తి, ఇత్తడి పట్టీ మీద బొటనవేలు అటూ ఇటూ పోనిచ్చారు. "ఇక్కడ ఏమన్నా గీతలున్నాయా, కల్యాణీ? 'రా' అని... వంకరగా?" గొంతు ప్రార్థనలో వినపడే గొంతు కాదు. పక్కనే ఉన్న నాకు కూడా సరిగ్గా వినపడలేదు.

ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న చాకు మీద ఏదో గీశానని ఆవిడ చెప్పింది ఇదే, తన పేరులో మొదటి అక్షరం. గీతలున్నాయి. నేను చూశాను. అవి 'రా' అవునో కాదో చూడలేదు. చూడకుండా చెరిపేశాను. తండ్రి చాకు అవునని గాని, కాదని గాని చెప్పగలిగిన ఆ ఒక్క ఆనవాలూ నా గోళ్లలో ఇటుకపొడి అయి ఉంది. "ఉన్నాయండి... నేను మురికి అనుకున్నానండి" అన్నాను. ఏడుపు ఆగలేదు. అంత ఏడుపు మా నాన్న పోయినప్పుడు కూడా నాకు రాలేదు.

మేడమ్ నన్ను చూడలేదు. చాకు తెరిచి, కుడి చేతిలోంచి ఎడం చేతిలోకి మార్చుకున్నారు. కిటికీ దగ్గర కుండీలో మందార కొమ్మ చివర ఒకటి ఏటవాలుగా కోశారు. కోసిన చోటు చాలాసేపు చూశారు. వీపు నావైపు ఉంది. తరువాత చాకు మడిచి బల్ల మీద పెట్టారు.

"ఊరుకో. ఇది మా నాన్నది కాదు."

"నిజంగానాండి?"

"ఆయన చాకు పట్టుకుంటే నాకు తెలీదూ? ఇది కాదు. లే, మొహం కడుక్కో. కాఫీ తాగుదాం."

బతికిపోయాననుకున్నాను. ఆ రోజు కాఫీ అంత రుచిగా ఎప్పుడూ లేదు. సాయంత్రం చీటీ మాత్రం నాతో రాయించలేదు. తనే రాసుకున్నారు. తొంగి చూస్తే "పేరాల నుంచి" అని ఉంది, "ఎవరిది" అన్నదానికెదురుగా ఖాళీ. ఆపరేషను కళ్లు కదా, మర్చిపోయారనుకున్నాను.

తరువాత నాలుగేళ్లు ఇద్దరం వెతుకుతూనే ఉన్నాం. నేను ఫోటోలు చూపించడం, ఆవిడ "ఇదేమో చూద్దాం" అని తెప్పించడం, అలమార మీద ఒక రోజు ఉంచడం, విప్పి "కాదమ్మా" అనడం. ఒక్కసారి కూడా ఇక చాలు అనలేదు. ఆ నాలుగేళ్లలోనే నేను ఆగడం నేర్చుకున్నాను. పిల్లల పుస్తకాల్లో కొట్టివేతలు చదవడం నేర్చుకున్నాను. ఏ పిల్ల ఎక్కడ తడబడిందో ఆ కొట్టివేతల్లోనే కనిపిస్తుందని మేడమ్ చెప్పలేదు, చూపించారు. తరువాత నాకు పెళ్లయింది, బాపట్ల బదిలీ అయింది.

పోయినేడు మేడమ్ పోయారు. నెల తిరక్కుండా విశాలాక్షి గారు తెనాలి నుంచి ఒక చిన్న పార్సెల్ పంపారు. ఫోన్ చేసి, "మిగతావి అడిగినవాళ్లకు ఇచ్చేయమందమ్మా అక్క. ఇదొక్కటీ నీ పేరు రాసి విడిగా పెట్టింది" అన్నారు. ఒక రోజు అలమార మీద ఉంచి విప్పాను. ఫ్లానెల్ గుడ్డలో నేను తోమిన చాకు, ఆ సగం రాసిన చీటీ. నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నబుచ్చుకున్నాను. అన్ని మంచి చాకులుండగా నేను పాడుచేసినదే నాకా, పోయాక కూడా పాఠమేనా అనుకుని బీరువాలో పెట్టేశాను. ఆదివారం మస్తాన్ కేక వినపడితే, కీలు బిగుసుకుపోయిందని గుర్తొచ్చి బయటకు తెచ్చాను.

మస్తాన్ నూనె వేసి, బ్లేడు తెరిచి, ఎండకు పట్టి అన్న మాట ఇది:

"అమ్మా, ఇది అంట్లు కట్టే చాకండి. వీటికి ఒక పక్కే పదునుంటది. మామూలుగా కుడి పక్కనుంటదండి. దీనికి ఎడం పక్కన పెట్టారు. ఎడంచేతి మనిషి ఎవరో కావాలని సాన పట్టించుకున్నారండి. నా సర్వీసులో ఇట్టాంటిది చూళ్లేదు. ఎవరిదండి ఇది?"

మందార కొమ్మ కోసిన క్షణంలోనే మేడమ్‌కు తెలిసిపోయింది. నలభై ఏళ్లు వెతికిన తండ్రి చాకు చేతిలో ఉండగా, వెనక ఏడుస్తున్న నాకోసం ఆవిడ దాన్ని కాదనేశారు. దొరికింది అని ఒక్కరితో కూడా చెప్పుకోలేదు. నాకు అనుమానం రాకూడదని, దొరికినదాన్ని డబ్బాలో పెట్టుకుని నాతో కలిసి నాలుగేళ్లు వెతికారు. అబద్ధం నోటితో ఆడగలిగారు గాని చీటీ మీద "తెలియదు" అని రాయడానికి చెయ్యి రాలేదు. నిజం రాస్తే నేను చూస్తాను. అందుకే ఖాళీ. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, ప్రేమ వచ్చింది, వీధిలో నిలబడే ఏడుపూ వచ్చింది. మస్తాన్ కంగారుపడి చాకును గట్టు మీద పెట్టాడు. నేను తీసుకున్నాను.

లోపలికి వచ్చి చీటీ తీశాను. ఆవిడ వదిలేసిన చోట నా గుండ్రటి అక్షరాలతో, "అంట్లు కట్టే సుబ్బయ్య గారిది. తరువాత వారి అమ్మాయి రాజేశ్వరిది" అని రాశాను. దాని కింద, "గీతలు చెరిపింది కల్యాణి" అని కూడా రాశాను. తప్పు నాదే కదా, ఉండనీ. సిరా తడిగా ఉంది. మడిస్తే అంటుకుంటుంది. ఆరేదాకా దాని పక్కనే కూర్చున్నాను.