ప్రింటరు కోసం మొక్కిన టెంకాయలు

గుడిబండలో నా మూలంగా ఏం జరిగిందో నాకు మొదట మోసుకొచ్చింది పెనుకొండలో ఉండే మా పిన్ని. వార్తతోపాటు నాలుగు గోతాలు కూడా మోసుకొచ్చింది. గోతాల్లో ఏముందో ఇప్పుడే చెబితే మీరు ఇక్కడే నవ్వేసి పేజీ తిప్పేస్తారు. కాబట్టి ఒక్కటే ఒప్పుకుంటాను: ఒక పెళ్లిని దాదాపు ముంచినంత పని చేశాను, అదీ దేవుడి పేరు చెప్పుకుంటూ.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. అక్షరాలూ, లెక్కలూ, టైపు కొట్టడమూ ఇంట్లోనే మా నాయన నేర్పాడు. "మేలు జరిగితే ముందు దేవుడికి దండం పెట్టు, తర్వాతే ఇంకో పని" అనీ నేర్పాడు. ఈ జన్మకు చాలినంత చదువు ఇచ్చాడని ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను. ఆ చివరి పాఠమే నన్ను ఎక్కడ పడేసిందో చూడండి.

హిందూపురంలో ఒక చిన్న కంప్యూటర్ సెంటరులో పనికి కుదిరాను. యజమాని ఒకరోజు పెనుకొండకు పోతూ తాళాలు నా చేతికిచ్చాడు. పట్టాభిషేకం జరిగినట్టు కూర్చున్నాను. అంతలో గుడిబండ నుంచి హనుమక్క అవ్వ దిగింది, చంకలో బట్ట మూటతో.

"మనవరాలి పెండ్లి పాపా. పత్రికలు వేసియ్యల్ల. ఐదు గంటల బస్సుకు పోవల్ల. రేప్పొద్దున్నే ముగ్గురు మూడు దిక్కులకు పంచను పోతాండారు."

మూటలో నూట ఇరవై పసుపు రంగు కాగితాలు. అందరూ అచ్చయ్యాక మూలలకు పసుపు పెడతారు. వాళ్లింటి ఆచారం వేరు. ఖాళీ కాగితాలను ముందే దేవుడి దగ్గర పెట్టి, ముత్తైదువులంతా కూర్చుని నాలుగు మూలలా పసుపు అద్ది తెచ్చారు. అంటే, పాడైతే అంగడికి పోయి కొనుక్కొచ్చే సరుకు కాదన్నమాట. గుర్తు పెట్టుకోండి.

పత్రిక టైపు చేశాను. ముందు ఒక తెల్ల కాగితం పెట్టి చూశాను. ముందురోజే బిగించిన కొత్త ప్రింటరు చుక్కలూ, కొక్కేలూ, మధ్యలో ఒక నవ్వు మొహమూ రాసింది. పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట నవ్వు మొహం! దాన్ని అమ్మిన ధర్మవరం మస్తాన్ అన్నకు ఫోను చేశాను.

"పాత ప్రింటరు డ్రైవరే ఉండాదమ్మా దాంట్లో," అన్నాడు.

"అంటే ఏందన్నా?"

"మడకశిర సంతలో కన్నడం ఒక్కటే వచ్చినాయనకూ, తెలుగు ఒక్కటే వచ్చినాయనకూ బేరం కుదరల్లంటే మధ్యలో ఒకడు ఉండల్ల కదా? కంప్యూటరుకూ ప్రింటరుకూ మధ్యలో వాడే డ్రైవరు. నీ మధ్యలోవాడు పోయిన ప్రింటరు మాటలు మాట్లాడతాండాడు, కొత్తదానికి అర్థం కాల్యా. ముందు పాజ్ పెట్టి దాన్ని ఆపు. నేనిచ్చిన డిస్కు పెట్టి డ్రైవరు మార్చు. ఆమీద పాజ్ తియ్."

మూడు పనులు. రెండు శ్రద్ధగా చేశాను. డ్రైవరు మారిందని తెర మీద కనబడగానే ఆనందంలో మూడోది మరిచాను. ప్రింట్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అత్తారింట్లో అలిగిన కొత్తల్లుడిలా కూర్చుంది.

ఇక మనిషి చేతిలో ఏమీ లేదనుకున్నాను. ప్రింటు లిస్టులో ఆగిన పత్రికను క్యాన్సిల్ కొట్టి, కొత్త పేజీ తెరిచి టైపు చేశాను: "శ్రీరామ. స్వామీ, ఈ పని ఏ ఆటంకమూ లేకుండా జరిగితే నూటెనిమిది టెంకాయలు కొడతాను." ఎడమ చేత్తో తులసి మాల, కుడి చేత్తో మౌసు. ఒక్కో పూసకూ ఒక్కో ప్రింటు.

"ఏం చేస్తాండావు పాపా?"

"మొక్కుకుంటాండా అవ్వా."

"అట్లనా! కానియ్, నేను గాజులు కొనుక్కోని వస్తా."

నూటెనిమిది పూసలు తిరిగాయి. ప్రింటరు తిరగలేదు. మళ్లీ ఫోను.

"పాజ్ తీసినావా?" అన్నాడు మస్తాన్ అన్న.

మరిచిన మూడో పని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

"లిస్టులో ఏమన్నా ఆగిపోయి ఉండాయా?"

"నూటెనిమిది ఉండాయన్నా."

"నూటెనిమిదా! యాడనుంచి వచ్చినాయమ్మా?"

"జపం చేసినా."

"అమ్మా, నీకు దండం పెడతా. ముందు అవన్నీ క్యాన్సిల్ కొట్టు. ఆమీదనే పాజ్ తియ్."

క్యాన్సిల్ మీదికి వేలు పోలేదండీ. నూటెనిమిదింటి నెత్తినా శ్రీరామ నామం ఉంది. నా చేత్తో నేను చెరపాలా? పాపం, వాటి మానాన అవి పడుంటాయిలే అనుకుని, పసుపు కాగితాలన్నీ పెట్టి, పాజ్ తీశాను. బుర్రుమంది. మొదటి కాగితం నా మొక్కుతో ముత్యాల్లాంటి అక్షరాలతో బయటికొచ్చింది. ఒక్క కాగితం దేవుడికి పోతే పోయిందిలే! మేలు జరిగింది కదా, మరి దండం? పత్రికలకు ప్రింట్ నొక్కడం ఆ తర్వాతే. పక్క సందులో ఆంజనేయస్వామి గుడికి పరిగెత్తాను. పదకొండు ప్రదక్షిణలు, నిదానంగా.

తిరిగొచ్చేసరికి హనుమక్క అవ్వ ప్రింటరు ముందు మురిసిపోతూ నిలబడి ఉంది. ఆమెకు చదువు రాదు.

"పాపా, బలే మిషను! మా పత్రికలు ఎంత బిరీన వేసేసిందో చూడు!"

చూశాను. నూటెనిమిది పసుపు కాగితాల మీద నూటెనిమిది మొక్కులు. పెళ్లికూతురి పేరు ఒక్కదాని మీదా లేదు. గడియారంలో నాలుగు దాటింది. నేలమీద కూలబడి, ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహంలో రంగు పోయింది.

"అయ్యో, ముత్తైదువులు పసుపు పెట్టినవి కదమ్మే..." అంటూ ఒక కాగితం చేతిలోకి తీసుకుంది. అటు చూసింది, ఇటు తిప్పింది. "ఈ పక్క ఖాళీగానే ఉండాది కదా?"

"ఉండాది అవ్వా."

"ఇంగ ఏడుపెందుకు? ఆ పక్క రాముడు, ఈ పక్క పెండ్లి. వెయ్, బస్సు పోతాది!"

తిరగేసి వేశాను. మొక్కు పడని పన్నెండింటి మీద కూడా పత్రిక అచ్చయింది. ఐదు గంటల బస్సు కదిలేటప్పుడు మూట కిటికీలోంచి అందించి, మళ్లీ దండం పెట్టాను. బస్సుకు.

పెళ్లి జరిగిన మూడోరోజు మా పిన్ని దిగింది. పెళ్లికొడుకు వైపు ఆమెకు చుట్టరికం.

"పెండ్లి బాగా జరిగిందా పిన్నీ?"

"దివ్యంగా జరిగింది. వచ్చినోళ్లంతా చేతిలో టెంకాయ పట్టుకోని వచ్చినారు. పత్రిక వెనకల మొక్కు ఉండాదంట! పెండ్లోళ్లు మొక్కుకున్యారు, మనం తలా ఒకటి తీసుకుపోదామని. పందిట్లో కూచునే జాగా ల్యా, అన్నీ టెంకాయలే. హనుమక్క ఏమనిందో తెలుసునా? 'మొక్కు మాది కాదు, హిందూపురం పాపది. దేవుని బాకీ మేం ఉంచుకోం' అని లెక్కబెట్టి నూటెనిమిది పంపించింది. నువ్వే కొట్టల్లంట. ఇంగొకరు చెయ్యి పెట్టకూడదంట."

గోతాలు విప్పాము. కొట్టాను. అరవయ్యోది దాటాక ఏది టెంకాయో, ఏది నా మోచెయ్యో తెలియలేదు. మా వీధి మొత్తం రెండు వారాలు టెంకాయ పచ్చడే తిన్నది.

అందుకే పాఠకుల సాక్షిగా చెబుతున్నాను: లిస్టు ఖాళీ చేయకుండా, పాజ్ తీశానో లేదో చూడకుండా, ఏ యంత్రం ముందూ ఈ జన్మలో మొక్కుకోను. ఇది మాట మాత్రమే, మొక్కు కాదు. దీనికి టెంకాయలు లేవు.

మీరు నన్ను మరిచినా ఫరవాలేదు. పాడైపోయిందని ఒక కాగితాన్ని నలిపేయబోతున్నప్పుడు మాత్రం ఒక్కసారి వెనక్కి తిప్పి, గుడిబండ హనుమక్క అవ్వను తలుచుకోండి.