బంగారం వాచీవాడు గెలిచాడు

వాచీలు బాగుచేసే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ భూతద్దం అంటారు. కంటికి తగిలించుకునే ఆ నల్లటి అద్దం అన్నం తినేటప్పుడు నుదుటి మీదికి జరుగుతుందే తప్ప కిందికి దిగదు. ఒకసారి దాన్ని అలాగే నుదుటన పెట్టుకుని బంధువుల పెళ్ళికి వెళ్ళి ఫోటోలు కూడా దిగొచ్చాడు. ఆయన దుకాణంలో ఒక బల్ల, ఒక దీపం, ఒక కుర్చీ పడతాయి. గాలి కావాలంటే వీధిలోకి రావాలి. గోడకి అవతల భార్య ఇస్త్రీ దుకాణం. అది దీనికి మూడింతలు. మధ్యలో చిన్న కిటికీ ఉంది. టీ గ్లాసులూ, వాదనలూ అందులోంచే అటూ ఇటూ తిరుగుతుంటాయి.

ఈయనకి టెన్నిస్ పిచ్చి అని చెప్పుకుంటారు. ఆ మాట సగమే నిజం. టీవీలో పెద్ద టోర్నమెంటు వస్తే దుకాణం మూసి కూర్చుంటాడు, రెప్ప వెయ్యడు, ఎవరు పిలిచినా పలకడు. తీరా అంతా అయ్యాక ఎవరు గెలిచారని అడిగితే బిక్కమొహం వేస్తాడు. ఆయన చూసేది ఆటని కాదు, ఆటగాళ్ళ మణికట్లని.

పాపం, ఆయన బాధ ఆయనది. ఆ బల్ల మీదికి వచ్చేవన్నీ బ్యాటరీ అయిపోయినవీ, బకెట్లో పడ్డవీ, పిల్లలు నేలకేసి కొట్టినవీ. చక్రం మీద చక్రం పేర్చి, ఒక్కో మరనీ చేత్తో మెరుగుపెట్టిన ఖరీదైన స్విస్ వాచీ ఇన్నేళ్ళలో ఒక్కటీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇక మిగిలింది టీవీయే. ప్రపంచంలోకెల్లా గొప్ప వాచీలు చెమట కారే చేతుల మీద కనిపించేది అక్కడే కదా.

అందుకే ఆటగాళ్ళ పేర్లు ఆయన నోటికి రావు. ఒకడు బంగారం వాచీవాడు, ఇంకొకడు నీలం డయలువాడు, మరో అమ్మాయి రబ్బరు పట్టా పిల్ల. హోరాహోరీగా సాగుతున్న ఆటని సరిగ్గా బంతి గాల్లో ఉండగా రిమోట్‌తో ఆపేసి, కంటికి అద్దం పెట్టుకుని, తెరకి ముక్కు ఆనించి చూస్తాడు. అద్దంలోంచి కనిపించేవి ఎర్ర చుక్కలూ, పచ్చ చుక్కలూ మాత్రమే. అయినా మానడు.

"బంతి పడిందా, పడలేదా? అది చెప్పండి ముందు," అనేది భార్య వెనకనుంచి.

"పడుతుందిలే, ఎక్కడికి పోతుంది. ఇది చూడు, చేతికి వాచీ లేదు. ఆడేటప్పుడు తీసి సంచీలో పెట్టుకున్నాడు. గెలిచాక చూడు తమాషా. చెమట తుడుచుకునే ముందే సంచీలో చెయ్యి పెడతాడు. ముందు వాచీ, తర్వాతే కప్పు. ఫోటోలో వాచీ పడాలి కదా మరి."

"అయితే గెలిచేది ఎవరు?"

"బంగారం వాచీవాడు," అనేవాడు ఏమాత్రం తడుముకోకుండా. అతను ఓడిపోతే ఈయనకి తెలిసేది కూడా కాదు.

భార్య సంగతి వేరు. ఆవిడకి టెన్నిస్ టీవీలోంచి రాలేదు, బట్టల మూటలోంచి వచ్చింది. లైబ్రరీ వెనక కోర్టులో ఆడేవాళ్ళ తెల్లబట్టలు ఆవిడ దుకాణానికే వస్తాయి. ఒకనాడు ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్తే, నలుగురిలో ఒకరు తక్కువయ్యారని బలవంతంగా రాకెట్టు చేతిలో పెట్టారు. ఆవిడ మొదటి దెబ్బకే బంతి కంచె దాటి లైబ్రరీ కిటికీలోకి పోయింది. ఏళ్ళ తరబడి ఇస్త్రీపెట్టె నెట్టిన చెయ్యి మరి. పెట్టెకి బదులు రాకెట్టు అయ్యేసరికి ఎగిరి గంతేసింది. అప్పటినుంచి పొద్దున్నే కోర్టు, ఆ తర్వాతే దుకాణం.

మొగుడు ఆవిడ ఆటలన్నిటికీ వెళ్ళాడు. అన్యాయంగా చెప్పకూడదు, ఒక్కటీ మానలేదు. కానీ వెళ్ళి ఏం చూశాడన్నదే ప్రశ్న. ఈ ఏడు ఊరి పోటీల సెమీఫైనల్లో ఆవిడ ఓడిపోయే ఆటని గెలుచుకుని, వగరుస్తూ వచ్చి, "ఎలా ఆడాను?" అని అడిగింది.

"ఆ అంపైరు వాచీ ముందు నడుస్తోందోయ్," అన్నాడు మహానుభావుడు.

ఆవిడ ఏమీ అనలేదు. అననప్పుడే భయపడాలని ఆయనకి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. మర్నాటినుంచి ఆయన చొక్కాలకి ఒక చేతికే ఇస్త్రీ పడింది. రెండో చెయ్యి నలిగి వేలాడేది. మధ్య గోడ కిటికీ మూసేసింది. టీ వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చేది, అదీ చల్లారాక.

ఆయనకి చేతనైన ప్రాయశ్చిత్తం ఒక్కటే. పెళ్ళినాడు ఆవిడకి తల్లి పెట్టిన చిన్న కీ వాచీ ఎప్పుడో ఆగిపోయి బీరువాలో పడుంది. దాన్ని విప్పి, ప్రతి ముక్కా కడిగి, తిరిగి నడిపించి, తోలు పట్టా వేసి, ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు.

"ఫైనల్లో గెలిచాక ఇది పెట్టుకుని కప్పు ఎత్తాలి నువ్వు. టీవీలో వాళ్ళకేనా ఆ దర్జా?"

ఆవిడ వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"వాచీ బాగుందండీ. కానీ నేనడిగింది ఇది కాదు. ఈ ఒక్క ఆటా మీరు చూడాలి. బంతి ఎటు పోతే తల అటు తిప్పాలి. అంతే. అదీ మీ వల్ల కాదంటే ఇంట్లో కూర్చోండి. రావద్దు."

"చూస్తాను. ఒట్టు. గెలవగానే వాచీ తెచ్చి నేనే పెడతాను, సరేనా?"

"ముందు తల తిప్పండి, చూద్దాం."

ఫైనల్ రోజున ఆయన అద్దం ఇంట్లో వదిలేసి, వాచీ చొక్కా జేబులో వేసుకుని, బావమరిది పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. బావమరిదిది ఫోటో స్టూడియో. అక్క ఆట అంటే కెమెరాతో దిగిపోతాడు. బావని ఆటపట్టించడం అతనికి అన్నం కంటే ఇష్టం.

ఎదుటి పక్షం పళ్ళ డాక్టరమ్మ. నవ్వుతూ వచ్చింది, చెయ్యి ఊపింది. ఆ చేతికి ఉన్నదాన్ని చూసి ఈయన బెంచీ మీంచి సగం లేచాడు. నీలం డయలు. టీవీలో ఛాంపియన్ పెట్టుకునేదే. సాక్షాత్తూ అదే, చుక్కలు చుక్కలుగా కాదు, నిండుగా, ఎండలో తళుక్కుమంటూ. పైగా ఆవిడ దాన్ని తియ్యకుండా ఆటకి దిగింది.

ఇక చెప్పేదేముంది. డాక్టరమ్మ కుడికి పోతే ఈయన తల కుడికి, ఎడమకి పోతే ఎడమకి. బంతి ఇవతల ఉన్నంతసేపూ కూడా తల అవతలే.

"బావా, మా అక్క ఇటుంది," అన్నాడు బావమరిది.

"తెలుసయ్యా."

"పెళ్ళై ఇన్నేళ్ళైంది కదా, మర్చిపోయావేమోనని."

మొదటి సెట్టు భార్య ఓడిపోయింది. నీళ్ళకోసం బెంచీ దగ్గరికి వచ్చి, గడగడా తాగి, మొగుడివైపు చూడకుండానే అడిగింది.

"బాగుందా ఆ వాచీ?"

ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. "చాలా బాగుంది," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"పోనీలెండి. ఒకరికైనా ఇవాళ్టి ఆట బాగుంది," అని సీసా మూత బిగించి వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది. ఆ మాటతో ఆయనకి చచ్చేంత సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ అడిగింది ఒకే ఒక్కటి, తల తిప్పమని. అదీ చెయ్యలేకపోయాడు. కుర్రాడిలా రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని తలని బలవంతంగా బంతివైపు తిప్పాడు. కదలని వాటిని చూసీ చూసీ అలవాటైన కళ్ళు, బంతిని పట్టుకోలేక నీళ్ళు కార్చాయి. మెడ పట్టేసింది. అయినా వదల్లేదు.

కాసేపటికి ఏదో తెలిసిన సంగతి కనిపించింది. భార్య కుడిచేతి దెబ్బ నిదానంగా, పొడుగ్గా, దుప్పటి మీద పెట్టె నడిపినట్టు పోతోంది. ఎడమవైపు దెబ్బ కాలరు మడిచినట్టు చటుక్కున తెగుతోంది. రోజూ కిటికీలోంచి చూస్తున్న చెయ్యే ఇది. మరి ఇంత తెలివి ఎక్కడ దాచింది? డాక్టరమ్మని రెండుసార్లు మూలకి పంపి, మూడోసారి కూడా అటే అనుకునేలోపు బంతిని వల పక్కన మెత్తగా పడేసింది. ఆయనకి నవ్వొచ్చింది. చొక్కా చెయ్యి ఒకటి వదిలేసిన మనిషి ఈవిడే కదా అనుకున్నాడు.

రెండో సెట్టు ఆవిడ గెలిచింది. మూడో సెట్టుకి ఈయన బెంచీ మీద లేడు, కంచెకి అతుక్కుపోయాడు. గీత మీద పడ్డ బంతిని బయట పడిందన్న అంపైరుతో వాదన పెట్టుకున్నాడు. నోరు మూసుకోకపోతే బయటికి పంపిస్తామన్నారు. బావమరిది చొక్కా పట్టుకుని వెనక్కి లాగాల్సొచ్చింది. చివరి బంతి డాక్టరమ్మ రాకెట్టుకి అందకుండా మూలన పడగానే, ఈయన గొంతులోంచి వచ్చిన కేకకి లైబ్రరీలో చదువుకునేవాళ్ళు బయటికొచ్చి చూశారు.

ఓడినా డాక్టరమ్మ నవ్వు చెరగలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నేరుగా ఆయన దగ్గరికొచ్చి చెయ్యి చాచింది.

"మీకు చూపిద్దామనే ఇవాళ ఇది పెట్టుకొచ్చానండీ. కావాలంటే చేతిలోకి తీసుకుని చూడండి."

"తర్వాత చూస్తానమ్మా, కాస్త పక్కకి జరగండి. మా ఆవిడ కప్పు తీసుకుంటోంది," అన్నాడు ఆయన, ఆ చేతి మీదుగా తొంగిచూస్తూ.

అక్కడ భార్య కప్పు అందుకుని, ఒక్క క్షణం ఆగి, ఎడమ చెయ్యి కాస్త ముందుకి పెట్టి ఇటు చూసింది. ఈయన రెండు చేతులతో చప్పట్లు కొడుతూనే ఉన్నాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఖాళీ లేదు. ఆవిడ ఇంకాసేపు చూసి, నవ్వి, కప్పు పైకెత్తింది. బావమరిది ఫోటో తీశాడు.

ఇంటికి నడుస్తూ దారంతా ఆటని మళ్ళీ ఆవిడకే చెప్పాడు. సందు మలుపులో తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టి, ఠక్కున ఆగిపోయాడు. వాచీ. నిక్షేపంగా నడుస్తోంది.

"చచ్చానే. మర్చేపోయాను," అన్నాడు పాలిపోయిన మొహంతో. "నేనే పెడతానన్నాను. ఎప్పుడు మర్చిపోయానో కూడా తెలీదు."

ఆవిడ ఆయన అరచేతిలో వాచీని చూసింది, ఆయన్ని చూసింది. అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడ ఒకవైపుకి బిగుసుకుపోయి ఉంది.

"నాకు తెలుసులెండి, ఎప్పుడు మర్చిపోయారో," అంది. "కోర్టులోంచి కనబడుతూనే ఉంది." వాచీని ఆయన జేబులోనే వేసి, పైనుంచి తట్టి, ఆ చొక్కా నలిగిన చేతిని పట్టుకుని ఇంటిదాకా నడిచింది.

మర్నాడు కిటికీ తెరుచుకుంది.

ఆ ఫోటో ఇప్పుడు ఆయన బల్ల వెనక గోడ మీద ఉంది. కప్పు తళతళా మెరుస్తుంటుంది, మణికట్టు బోసిగా ఉంటుంది. వాచీల మేస్త్రీ భార్యకి వాచీ లేదేమిటని ఎవరైనా అడిగారో, ఇక అంతే. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, మొదటి సెట్టు నుంచి మొదలుపెడతాడు.

"నా వాచీ అయిందా?" అని మధ్యలో అడిగిన వాళ్ళకి ఒకటే జవాబు.

"కూర్చోండి. ఇంకా రెండో సెట్టులోనే ఉన్నాం."

ఎక్కడైనా తప్పు చెప్తే గోడ అవతల ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగుతుంది. ఆయన సర్దుకుని సరిగ్గా చెప్పేదాకా మళ్ళీ కదలదు.