సేనాపతి స్నేహితుడు రాసిన చరిత్ర

సారు పోయారన్న వార్త వచ్చేసరికి నేను రియాద్‌లో ఒక విల్లా మేడ మీద ఏసీ విప్పుకుని కూర్చున్నాను. ఆయన కొడుకు ఫోన్ చేశాడు. పొద్దున్నే ఛాతీలో నొప్పన్నారట, కరీంనగర్ చేరేలోపే దారిలో పోయారట. "మంచిది" అని ఫోన్ పెట్టేశాను. అలాంటి కబురుకు మంచిదని ఎవరూ అనరు, నేను అన్నాను. తర్వాత ఏసీకి గ్యాస్ నింపి, బిగించి, కిందికి దిగి గోడవైపు తిరిగి ఏడ్చాను.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం పద్ధతి. నేనూ రాస్తాను. కొన్ని చెడ్డ మాటలు కూడా ఉంటాయి, అవి సారు గురించి కావు.

జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆయన నాకు హిస్టరీ చెప్పారు. కాలేజీ మూతపడ్డాక, నలభై దాటిన వయసులో, ఒక కాంట్రాక్టు కంపెనీలో టైమ్ కీపర్‌గా ఇక్కడికి వచ్చారు. ఎవరు ఎన్ని గంటలకు పనిలోకి దిగారు, ఎవరికి జ్వరం, సైటుకు ఏ సామాను అడిగారు, ఏది రాలేదు, అన్నీ రిజిస్టర్‌లో ఎక్కించడం ఆయన పని. అదే కంపెనీలో నేను అప్పటికే ఏసీ మెకానిక్‌ని. పాత శిష్యుడు కనిపించాడని ఆయనేమీ చిన్నబోలేదు. క్యాంపు గదిలో నా పై మంచం ఖాళీయేనా అని అడిగి, ఎక్కి పడుకున్నారు.

శుక్రవారం వస్తే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రియాద్ నడిమి బతా బజారుకు బయల్దేరేవారు. అక్కడ మా జిల్లావాళ్లు నడిపే మెస్సులో అన్నం తింటూ రోమ్ కథలు చెప్పేవారు. పళ్లెంలో పప్పును వేలితో చీల్చి ఎర్రసముద్రం గీసేవారు. అటు ఈజిప్టు, ఇటు మేము. చరిత్ర రాసినవాళ్ల పేర్లు మా నోరు తిరగవని ఒక్కొక్కడికీ ఒక పేరు పెట్టారు. చక్రవర్తి దగ్గర ఉత్తరాలు రాసి, కొలువు పోయాక మహలు గుట్టంతా బయటపెట్టినవాడు గుమాస్తా. దుర్మార్గుడు గద్దె మీద ఉన్నన్నాళ్లూ సభలో తల దించుకు కూర్చుని, వాడు చచ్చాక కలంతో తోలు వలిచినవాడు పెద్దమనిషి. పెద్దమనిషంటే సారుకు ప్రాణం, అంతే చిరాకు కూడా.

"రాసుడు మస్తు రాసిండు. కానీ ఆలిశెం జేసిండురా. సచ్చినోని మీద ఎవడైనా రాస్తడు" అనేవారు.

అసలు కోపం మాత్రం మూడోవాడి మీద. వాడు సేనాపతి దోస్తు. సాంబ్రాణి పండే దేశాన్ని పట్టుకోవాలని రోమ్ చక్రవర్తి ఈజిప్టు నుంచి ఒక సేనాపతిని ఈ అరబ్బు నేల మీదికి పంపాడు. దారి చూపడానికి ఇక్కడి మంత్రి ఒకడు వెంట వచ్చాడు. సైన్యం నజ్రాన్ దాటి పోయింది గానీ, దాహానికీ రోగాలకూ దారి పొడుగునా రాలిపోయి, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ కథను రాసినవాడు సేనాపతికి ప్రాణస్నేహితుడు. తప్పంతా దారి చూపినవాడిదేనని రాశాడు, నీళ్లు లేని దారుల్లో కావాలని తిప్పాడని. చివరికి ఆ మంత్రి తలను రోమ్‌లో నరికారు. దారి చూపినవాడు ఏం చెప్పుకున్నాడో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఇది చెప్పేటప్పుడు సారు మెతుకు ముట్టేవారు కాదు.

ఆరేళ్ల కింద మమ్మల్ని పద్నాలుగు మందిని నజ్రాన్ వైపు ఎడారిలో కరెంటు టవర్ల పనికి పంపారు. సారు సంబరం చూడాల్సింది, ఆ సైన్యం నడిచింది ఇటేనని బస్సు కిటికీ వదల్లేదు. సైటుకు రోజు విడిచి రోజు నీళ్ల ట్యాంకర్ రావాలి. ఒక రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. సారు మా ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు, మూడుసార్లు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. ముదీర్ మన తెలుగువాడే. ఇంకో సైటుకు పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడట. అక్కడ దుమ్ము లేవకుండా నేల తడపడానికి మా ట్యాంకర్‌ను అటు మళ్లించాడు. మూడో రోజు మధ్యాహ్నం సిరిసిల్ల దగ్గరి మనిషొకడు పునాది గుంటలో కూలబడ్డాడు. పికప్‌లో వేసుకుని ఆస్పత్రికి పోతుండగా సారు ఒళ్లోనే ప్రాణం వదిలాడు.

మర్నాడే ఆఫీసువాళ్లు వచ్చి సారు రిజిస్టర్ పట్టుకుపోయారు. వారానికి ముదీర్ వచ్చాడు. ఊళ్లోంచి పెద్ద పళ్లేల నిండా కబ్సా అన్నం తెప్పించి, మాంసం ముక్కలు తానే వడ్డించాడు. మేం తిన్నాక ఒక ఇంగ్లీషు కాగితం తిప్పాడు. మా అలవాటు మీకు తెలిసిందే. ఆఫీసు కాగితం వస్తే సంతకం ఎక్కడ పెట్టాలని అడుగుతాం గానీ అందులో ఏముందని అడగం. పదకొండు మంది అలాగే పెట్టారు. వాళ్లను వదిలెయ్యండి.

నాకు చదవడం వచ్చు. చదివాను. నీళ్లు అయిపోయిన సంగతి టైమ్ కీపర్ ఆఫీసుకు తెలపలేదని, అతని నిర్లక్ష్యం వల్లే మనిషి పోయాడని, అందుకు మేమంతా సాక్షులమని ఉంది. నా ఇకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ ఆ నెలలోనే ఉంది. పన్నెండో సంతకం నాది.

సారును ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఊరికి పంపించేశారు. ఆయన పెట్టె సర్దుకుంటుంటే వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. ఓదారుస్తారనుకున్నాను, మాస్టార్లు అలాగే కదా చేస్తారు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

"నేను మాఫ్ జెయ్యనురా. మాఫ్ జేస్తే నువ్వు మర్చిపోతవు."

ఆ మాటకు ఇవాళ దణ్ణం పెడుతున్నాను. ఆయన క్షమించి ఉంటే నేను హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఊరికి వెళ్లాక ఏ కాలేజీవాళ్లూ ఆయన్ని రానివ్వలేదు. ఒక మనిషి చావుకు కారణమైనవాడని కబురు ముందే చేరింది. చనిపోయినవాడి తల్లి ఒకనాడు ఆయన గడపలో నిలబడి, మా కొడుక్కి నీళ్లెందుకు పోయలేదని నలుగురి ముందు అడిగింది. సారు ఆ సంగతి నాకు ఫోన్‌లో చెప్పారు, కోపంగా కాదు, హాజరు పిలిచినట్టు. నీళ్ల కోసం ముదీర్‌కు ఫోన్ చేశానని ఆమెకు చెప్పారట. ఆమె కంపెనీ ఇచ్చిన కాగితం జిరాక్స్ తీసి చూపించిందట. "అందుల నీ సంతకం కూడ ఉన్నది" అని ఫోన్ పెట్టేశారు. అయినా నెలకోసారి నాకు ఫోన్ చేయడం మానలేదు. కొత్తగా ఏం చదివారో చెప్పేవారు, నా బీపీ మాత్రల గురించి అడిగేవారు. క్షమించకుండానే ఒక మనిషిని ఇంతగా పట్టించుకోవచ్చని ఆయన దగ్గరే చూశాను.

పోయిన శుక్రవారం బతా మెస్సులో సంతాప సభ పెట్టాం. ఫోన్‌లో సారు ఫోటో తెరిచి, ఊరగాయ సీసాకు ఆనించి నిలబెట్టాం. ఆనాడు సైటులో ఉన్నవాళ్లలో నేను కాక ఇంకా ఇక్కడే పనిచేస్తున్న ఏడుగురూ వచ్చారు. ముదీర్ కూడా వచ్చాడు. ఇప్పుడు ఆయన పెద్ద హోదాలో ఉన్నాడు, ఎవరు పోయినా నాలుగు మాటలు మాట్లాడతాడు. నా ఇకామా మళ్లీ రెన్యువల్‌కు వచ్చింది, దాని మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

ముదీర్ చేతులు కట్టుకుని, మెత్తని గొంతుతో మాట్లాడాడు. "ఆయన మంచి మనిషి. ఒక చిన్న పొరపాటు జరిగింది, పాపం. ఆ రోజే మేమందరం ఆయన్ని క్షమించేశాం."

అంతవరకూ నేను మాట్లాడాలనుకోలేదు, అబద్ధం చెప్పను. ఆ క్షమించేశాం అన్న మాట నా చెవిలో పడ్డాక కాళ్లు వాటంతట అవే లేచాయి.

"సార్ తప్పు చెయ్యలే" అన్నాను. "నీళ్లకోసం మీకు మూడుసార్లు ఫోన్ జేసిండు. నేను పక్కనే ఉన్న. ట్యాంకర్‌ను మళ్లించింది మీరు. మీరు రాసిన కాగితం నేను సదివిన. సదివి, అబద్ధమని తెలిసి సంతకం పెట్టిన."

ఇదా సందర్భం అని ముదీర్ అడిగాడు. ఆయన ముఖం నావైపు లేదు, తలుపువైపు ఉంది. వెనక బెంచీ మీద ఉన్న వెల్డర్ లేచి, ఆ కాగితంలో ఏముందో తనకు ఇవాళే తెలిసిందని, ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నానని అన్నాడు. తర్వాత మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచారు. మా మాటలన్నీ ఒకతను ఫోన్‌లో రికార్డు చేశాడు. అది ఆ సాయంత్రమే సిరిసిల్ల చేరింది. ఆ తల్లి మూడుసార్లు పెట్టించుకుని విందని, చివర్లో ముదీర్ ఊరు ఏదని అడిగిందని తెలిసింది. చెప్పమన్నాను.

నన్ను ఎప్పుడు పిలుస్తారో, ఏ కాగితం చేతిలో పెడతారో తెలియదు. పెట్టనివ్వండి. ముదీర్ బతికే ఉన్నాడు, మంచి ఆరోగ్యంగా ఉన్నాడు, తెలుగు చదవగలడు. అందుకే ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

ఆ రోజు సభ నుంచి ముదీర్ మెట్లు దిగి తెల్ల కారెక్కాడు. నమాజు అయిపోయి జనం సందులోకి దిగిన వేళ అది. ముందు కూరగాయల బండి, వెనక వందల మంది కూలీలు, కారు అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. మేం ఎనిమిది మందిమి దిగి గోడ పొడుగునా నిలబడ్డాం. ఎవరూ తిట్టలేదు, అద్దం తట్టలేదు. ఆయన అద్దాలు బిగించుకుని, ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు అలా కూర్చున్నాడు. ఆ ఫోన్ ఒక్కసారి కూడా వెలగలేదు.