ఉయ్యాల మీద ఇద్దరు మేడంలు

మొన్న చేవెళ్లలో చాయ్ తాగుతుంటే పాతకాలం పెద్ద హీరోయిన్ ఒకావిడ చనిపోయిందని టీవీలో వార్త వచ్చింది. శవం పక్కనే కూర్చుని ఆమె తల నిమురుతున్న, ఆమెకు పోటీ అయిన రెండో హీరోయిన్‌ను చూపిస్తూ, ఒకప్పుడు మొయినాబాద్ దగ్గరి ఫాంహౌస్‌లో ఈవిడ ఆవిడ చెంప పగలగొట్టిందని మళ్లీ చెప్పారు.

"సచ్చినంక గూడ యాక్టింగే, చూడన్నా!" అన్నాడు పక్కాయన.

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆ చెంపదెబ్బ పుట్టింది నా నోట్లోనే.

సాఫ్ట్‌వేర్ కంపెనీల డబ్బుతో మా అజీజ్‌నగర్ పొలాలన్నీ ఫాంహౌస్‌లవుతున్న రోజులవి. మా భూమి కొన్న సారు దగ్గరే నేను మేనేజరుగా, మా ఆవిడ వంటమనిషిగా కుదిరి గేటు పక్క గదిలో ఉండేవాళ్లం. ఆమెకు నెలలు నిండాయి. కొలువు పోతే ఆ గదీ పోతుంది. ఫాంహౌస్‌ను రోజు కిరాయికి తీసుకునే సినిమావాళ్లు పేరు చెప్పి బుక్ చేయరు, 'మేడం వస్తున్నారు' అంటారంతే, మనం అడగకూడదు. ఆ ఆదివారానికి రెండు ఫోన్లొస్తే ఒకే మేడం కోసమనుకున్నాను.

పొద్దున్నే పెద్దావిడ వచ్చి, తలకు గోరింటాకు పట్టించుకుని, పాత నైటీలో ఉయ్యాల ఎక్కింది. అంతలో గేటు దగ్గర రెండో హీరోయిన్ కారు. ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు! నేను వంటింటికి ఉరికాను.

"ఒకామెను ఎల్లగొట్టు, లేకుంటె సారు మనల్ని ఎల్లగొడ్తడు," అంది మా ఆవిడ.

"ఎవర్ని ఎల్లగొట్టాలె? నువ్వే జెప్పు!"

మేము గుసగుసలాడుతుండగానే రెండో ఆవిడ లోపలికి నడిచి, ఉయ్యాల మీది మనిషిని పోల్చుకోక, "ఏమ్మా పనిమనిషీ, కాసిన్ని మంచినీళ్లు తీసుకురా," అంది.

నేనే తెస్తానంటూ చెంబు అందుకున్నాను.

"తెస్తాగానీ, మేకప్ లేకపోతే నిన్నూ ఎవరూ హీరోయిన్ అనుకోరులేవే," అంది పెద్దావిడ.

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు మెల్లగా ఏడుపైంది. నాకైతే దానికీ భయమే వేసింది. మధ్యాహ్నం ఆ రెండో ఆవిడే నల్లా కింద ఆ గోరింటాకు కడిగి, తల తుడిచింది. ఒకే ఉయ్యాల మీద కూర్చుని మా ఆవిడ చేసిన జొన్నరొట్టెలు తిన్నారు. మామిడికాయల కాలానికి మళ్లీ వస్తామనీ, కలిసిన సంగతి ఎవరికీ చెప్పొద్దనీ అన్నారు.

మర్నాడు సారు ఫోన్ చేశాడు. "ఒక్కదినం ఇద్దరికెట్ల ఇచ్చినవ్?"

"నేనియ్యలే సార్. రెండో మేడం జబర్దస్తీగ జొరబడి పెద్ద మేడంను కొట్టింది," అన్నాను.

కొలువు నిలబడింది. సారు ఆ కథను పార్టీల్లో చెప్పుకున్నాడు, తర్వాత అది పేపర్లకెక్కింది. మామిడికాయలు వచ్చాయిగానీ వాళ్లు రాలేదు. ఆ అబద్ధం అవతలి మనిషే చెప్పించిందని ఇద్దరూ అనుకున్నారేమో, అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

ఇప్పుడక్కడ ఫాంహౌస్ లేదు, విల్లాలు లేచాయి. నా కొలువూ ఎప్పుడో పోయింది. టీవీలో ఆ చేయి ఇంకా తల నిమురుతూనే ఉంది, ఆనాడు నల్లా దగ్గర తుడిచినట్టే.

"ఆమె కొట్టలే అన్నా," అన్నాను పక్కాయనతో. "తల కడిగింది. నేను జూసిన."

అప్పటికే ఎవరో ఛానల్ మార్చారు. ఆయన క్రికెట్ చూస్తున్నాడు.