కాలరు మాత్రం మిగిలింది

ఆమె రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు కటింగ్ పని చేసింది. నలభై పొరలు పరిచి కోసినా పై పొరకీ అడుగు పొరకీ నూలుపోగంత తేడా వచ్చేది కాదు. కత్తెరమ్మ అన్న పేరు అక్కడివాళ్ళు పెట్టిందే. రిటైరయ్యాక వీధిలో బొంతలు కుట్టే ఆడవాళ్ళతో కలిసింది. ప్రతి గురువారం ఆరుగురు కుట్టేవాళ్ళు, కోసేది మాత్రం ఆమె ఒక్కతే. ఆమె కోశాక ఎవరూ మళ్ళీ టేపు పట్టేవారు కాదు. అది చూస్తే ఆమెకి లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ ఏడాది చివరి సెలవుల విందు ఆమె ఇంట్లోనే చేసుకుందామనుకున్నారు. ఏడాదంతా కుట్టిన బొంతలు గోడలకి కట్టాలి, రంగు కాగితాల దీపాలు వేలాడదీయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఆరుగురిలో ఒకరైన టీచరమ్మ బొంత ఆ రోజుకి పూర్తికావాలి. టీచరమ్మ భర్త పోయి ఏడాదిన్నరైంది. ఆయన చొక్కాలు ఎనిమిది తెచ్చి, ముక్కలు కోసి బొంతలో వెయ్యమంది. తొమ్మిదోది వేరే సంచిలో ఇచ్చింది. నీలం గళ్ళ చొక్కా, కాలరు అరిగిపోయింది.

"దీన్ని మాత్రం కొయ్యకు. కాలరు తిరగేసి కుట్టివ్వు చాలు. పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు వేసుకుంటాను," అంది.

విందు తొమ్మిది రోజులుందనగా, ఒక ఉదయం ఇల్లంతా సంతలా ఉంది. దీపాల పెట్టెకి చోటు చెయ్యడానికి కోడలు బల్ల మీది బట్టలన్నీ ఒక పక్కకి జరిపింది. కేకు ఎవరు తెస్తారని ఒకావిడా, పాటలేం పెడదామని ఇంకొకావిడా ఫోన్లు. కత్తెరమ్మ ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని జవాబులు చెబుతూనే, కాలర్లు విప్పేసిన చొక్కాలు పొరలుగా పరిచి కోసేసింది.

మధ్యాహ్నం మిషను దగ్గర కూర్చుంది. నీలం గళ్ళ కాలరు తిరగేసి, ఇస్త్రీ చేసి, సిద్ధంగా ఉంది. దాన్ని కుట్టడానికి చొక్కా కోసం చెయ్యి చాచింది. చొక్కా లేదు. లేచి ముక్కల దొంతరలు తిరగేసింది. నీలం గళ్ళ చదరాలు పదహారు కనిపించాయి, ఒక్కటీ వంకర లేకుండా.

వాటిని పట్టుకుని అక్కడే నేలమీద కూలబడింది. కోడలు పరిగెత్తుకొచ్చి చూసింది.

"ఆ చొక్కాని కుప్పలో కలిపేసింది నేనే కదా అత్తయ్యా. టీచరమ్మగారికి నేనే చెబుతాను."

"కత్తెర నీ చేతిలో లేదుగా," అంది కత్తెరమ్మ.

అలా అన్న మనిషి తను మాత్రం చెప్పలేకపోయింది. మర్నాడు మూడు బట్టల దుకాణాలు తిరిగి, ఇంచుమించు అవే గళ్ళున్న బట్ట తెచ్చింది. ఆరుసార్లు ఉతికి ఎర్రటెండలో ఆరేసింది. మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది వెలిసినట్టు చేసింది. చొక్కా కుట్టి పాత కాలరూ పాత గుండీలూ వేసింది. పాత చొక్కాకి రెండో గుండీ నల్లదారంతో కుట్టి ఉండేది. దీనికీ నల్లదారమే వాడింది. మసిపూసి మారేడుకాయ చెయ్యడమంటే ఏమిటో అరవై దాటాక తెలిసింది.

ఏర్పాట్లు చూడటానికి టీచరమ్మ రోజు విడిచి రోజు వచ్చేది. ఏ గోడకి ఏ బొంతో కాగితం మీద గీసేది, మధ్యలో చొక్కా అయిందా అని అడిగేది. రేపిస్తానంటూ కత్తెరమ్మ వంటింట్లోకి తప్పుకునేది.

విందు రోజున టీచరమ్మ అందరికంటే గంట ముందొచ్చింది. చొక్కా అందుకుని చీర మీదే తొడుక్కుని, అద్దంలో చూసుకుంది. జేబులో చెయ్యి పెట్టుకుంది.

"ఇంకెవరికిచ్చినా భయపడి చచ్చేదాన్ని. నీకు కాబట్టి నిశ్చింతగా ఉన్నాను," అంది.

కత్తెరమ్మ కాలరు సర్దబోయి ఆగింది. ఇప్పుడు నోరు మెదపకపోతే గండం గడిచినట్టే. కానీ రోజూ పొద్దున్నే ఈవిడ ఈ చొక్కాతో మొక్కల దగ్గర నిలబడుతుంది, ఆయనే తోడున్నట్టు.

"అది ఆయన చొక్కా కాదు టీచరమ్మా. కాలరూ గుండీలే ఆయనవి. అసలుది పొరపాటున కోసేశాను. ఇది నేను కుట్టాను."

టీచరమ్మ రెండో గుండీ మీద వేలు పెట్టింది.

"ఈ నల్లదారం?"

"అదీ నేనే."

"కొయ్యడం పొరపాటు," అంది టీచరమ్మ మెల్లగా. "ఇది పొరపాటు కాదు." చొక్కా విప్పి బల్ల మీద పెట్టింది. "కాలరు ఊడదీసి ఇవ్వండి. గుండీలు కూడా."

నాలుగేళ్ళు పెద్దది కావడాన టీచరమ్మ ఆమెని మొదటినుంచీ నువ్వనే అనేది. 'ఇవ్వండి' అన్న మాట కత్తెరమ్మకి చెంపదెబ్బలా తగిలింది. కుట్లు ఒక్కొక్కటే తెంపుతూ కూర్చుంది. వాటితో పాటు పదహారు ముక్కలూ తెచ్చిచ్చింది. టీచరమ్మ లెక్కపెట్టకుండానే చేతిసంచిలో పెట్టుకుంది. ఈలోగా గేటు దగ్గర నవ్వులు వినిపించాయి.

ఆవిడ వెళ్ళిపోతుందనుకుంది కత్తెరమ్మ. వెళ్ళలేదు, కిటికీ పక్కన కూర్చుంది. కేకు కోసేముందు కత్తెరమ్మ అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒకావిడ, పోనీలెద్దూ, సరదాగా ఉన్నవేళ ఇవన్నీ ఎందుకంది.

"చెప్పనివ్వండి," అంది టీచరమ్మ.

ఆ తర్వాత పాటలు పెట్టారు గానీ ఎవరూ గొంతు కలపలేదు. పళ్ళేల్లో సగం సగం మిగిలిపోయాయి. ఎనిమిది చొక్కాల బొంతని టీచరమ్మ మడతపెట్టుకుని, కుట్టినవాళ్ళందరి చేతులూ పట్టుకుంది. కత్తెరమ్మ చేతిని కూడా ముట్టుకుంది, అందరికంటే తక్కువసేపు.

ఐదు గురువారాలు ఆవిడ రాలేదు. ఆరో గురువారం వచ్చి, బల్లకి అటు చివర కూర్చుని కుట్టుకుంది. ఆ ముక్కల సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కత్తెరమ్మ ఇప్పుడు పని వేళ ఫోను పక్కగదిలో వదిలేస్తుంది. కోసే ముందు ప్రతి బట్టా ఎవరిదో వాళ్ళకే చూపించి, అవునంటేనే కత్తెర పెడుతుంది.

మరుసటేడు విందు టీచరమ్మ ఇంట్లో. నెలరోజుల ముందు ఆవిడే గుమ్మం దాకా వచ్చింది.

"కుర్చీలు చాలేట్టు లేవు. మీవి నాలుగు పంపిస్తారా?"

పిలుపు ఇంకా మీరే. కత్తెరమ్మ ఎవరితోనూ పంపలేదు, రెండు విడతలుగా తనే మోసుకెళ్ళింది.