వరండాలో చదివిన అంకెలు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా అప్ప బెంచీ మీద కూర్చుని, కొంగు భుజం మీదికి సర్దుకుని, ఎడమ చేయి చాపింది. గోడ గడియారం చూసి రక్తం పట్టే గొట్టం మీది చీటీలో ఆ సమయం రాశాను. ఎవరికైనా అలాగే రాస్తాను. ఆమె రక్తం నేను తీయడం అదే ఆఖరిసారి.

శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం. నాన్న బెంగాల్‌కు రేవు పనికి వచ్చి ఏక్‌బాల్‌పూర్‌లో ఉండిపోయాడు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది అప్పే. బడిలో నేర్పేవాళ్ళు లేరు కాబట్టి వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో రాయించి, తప్పు పోతే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయించేది. ఈ రోజు నేను చదివే ప్రతి పుస్తకం ఆ గచ్చు మీద మొదలైనదే.

పెద్ద ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, మా వీధి వెనక ఉన్న చిన్న క్లినిక్‌లో వారానికి మూడు పొద్దులు రక్తం తీసే పనికి ఒప్పుకున్నాను. రెండు గదులు, ఒక వరండా. మంగళవారం పరగడుపున షుగర్ పరీక్షకు రక్తం తీస్తాం. శనివారం రిపోర్టులు వస్తాయి. అవి ఇంగ్లీషులో ఉంటాయి. వచ్చేవాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు ఏ భాషా చదవలేరు. మొదట్లో ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి చెప్పేదాన్ని. రద్దీ పెరిగాక వరండాలోనే నిలబడి, పేరు పిలిచి, అంకె పైకి చదవడం మొదలుపెట్టాను. మనవాళ్ళకు తెలుగులో, మెటియాబ్రుజ్ నుంచి వచ్చే దర్జీలకు హిందీలో, మిగతావాళ్ళకు బెంగాలీలో.

కొన్నాళ్ళకు శనివారం పొద్దు ఒక వేడుకలా తయారైంది. రిపోర్టు లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. ఒకామెకు రెండువందల పది అని చదివితే పక్కనున్న ఆమె అందుకునేది.

"ఓలమ్మ, ఏటి తిన్నావే నువ్వు?"

"ఏటీ తిన్నేదు వదినా. ఒక్క సందేశ్ మిఠాయి. దేవుడి మీద ఒట్టు."

"ఒక్క సందేశా, ఒక పెట్టెడా?"

అందరూ నవ్వేవారు. ఆ రెండువందల పది కూడా నవ్వేది, కానీ రిపోర్టు మడిచి జాకెట్లో దోపుకుని తొందరగా వెళ్ళిపోయేది. అంకె ఎంత తక్కువైతే అంత గొప్ప అని ఆ వరండాలో ఒక లెక్క స్థిరపడింది. అది తప్పని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

పరీక్షకు ముందు ఆడవాళ్ళు తిండి తగ్గిస్తున్నారనీ తెలుసు. ఆదివారం చర్చి బయట, "ఎల్లుండి రక్తం. ఈ పూట నుంచి గంజే," అని ఒకామె చెప్తుంటే విన్నాను. రెండు రోజులైనా అదుపులో ఉంటారులే అనుకున్నాను. గంజి తాగుతూ షుగర్ మాత్రలు మాత్రం మానకుండా వేసుకుంటే అంకె ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుందన్న సంగతి దగ్గర నా ఆలోచన ఆగలేదు.

ఆ మంగళవారం అప్ప చేతికి పట్టీ కట్టి మోచేతి మడతలో వేలితో వెతికాను. ఎప్పుడూ సులువుగా దొరికే నరం అణిగిపోయి ఉంది. ఒంట్లో నీళ్ళు తక్కువైతే అలా అవుతుంది.

"నీళ్ళు తాగలేదా?"

"పరగడుపే కదే."

"పరగడుపంటే నీళ్ళు మానమని కాదప్పా. ఎన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు తియ్యవే బాబూ. వెనకాల జనం ఉన్నారు."

వేడినీళ్ళ గుడ్డ వేసి, కాసేపు ఆగి, మణికట్టు పైన సన్నని సూదితో తీశాను. రక్తం మెల్లగా వచ్చింది. ఆమె గొట్టం వైపు చూడకుండా నా ముఖం వైపు చూస్తూ కూర్చుంది.

శనివారం ఆమె కాగితం చివర్లో ఉంచుకున్నాను. ప్రతి నెలా అలాగే చేసేదాన్ని, ఎందుకంటే ఆమె అంకె బాగుండేది. ఈసారి అరవై ఎనిమిది. పక్కన, మామూలు హద్దు దాటిందని చెప్పే నక్షత్రం గుర్తు ఉంది. మాత్రలు వేసుకునే డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషికి ఆ అంకె మంచిది కాదు. గుర్తు చూశాను. చూసి కూడా అంకె గట్టిగా చదివాను. వరండాలో ఎవరో చప్పట్లు కొట్టారు. అప్ప తల వంచుకుని నవ్వింది. నాకు సంతోషం వేసింది. ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇంటికి నడుస్తూ అన్నాను. "ఇది మరీ తక్కువప్పా. డాక్టరుకు చూపిద్దాం."

"ఎక్కువైనా ఏడుస్తావు, తక్కువైనా ఏడుస్తావు. నీకు ఏటి కావాలే?"

డాక్టరు గురువారాలు వస్తారు. గురువారం నా పని రోజు కాదు. కాగితం నా సంచిలోనే ఉండిపోయింది.

తర్వాతి నెల పరీక్షకు ముందు రోజు, సోమవారం తెల్లవారుజామున, అప్ప వంటింట్లో పడిపోయింది. ఆమె కోడలు లేచి చూసేసరికి ఎంతసేపయిందో తెలియదు. ఆసుపత్రిలో షుగర్ ముప్పై ఒకటి అన్నారు. గ్లూకోజు ఎక్కించాక అంకె పెరిగింది, ఆమె మాత్రం కళ్ళు తెరవలేదు. నాలుగో రోజు పోయింది. అక్కడ ఒక అమ్మాయి వచ్చి రోజూ రక్తం తీసేది. పని బాగా తెలిసిన పిల్ల. నేను పక్కన నిలబడి పత్తి అందించాను.

భూస్థాపన అయిన మర్నాడు కోడలు నాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"చిన్నత్తా, మీరేమీ అనుకోకండి. శనివారం రాత్రి నుంచి ఆవిడ ఏటీ తినలేదు. తినండత్తా అంటే వినేవారు కాదు. 'చదివేది నా చెల్లి, అందరి ముందూ దాని నోటంట చెడ్డ అంకె రాకూడదు' అనేవారు. ప్రతి నెలా అంతే."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. మీకు తెలుసేమో అనుకున్నాను కూడా."

టీ తాగేసి, గ్లాసు కడిగి పెట్టి వచ్చాను.

మూడు వారాల తర్వాత పనికి వెళ్ళాను. శనివారం ఆడవాళ్ళంతా వరండాలో ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు. నేను మొదటి ఆమెను లోపలికి పిలిచి తలుపు వేశాను. పరీక్షకు ముందు రెండు రోజులూ ఏం తిన్నదీ, మాత్రలు ఎప్పుడు వేసుకున్నదీ అడిగి రాసుకున్నాక కాగితం ఆమె చేతికిచ్చి, అంకె మెల్లగా చెప్పాను. పన్నెండు అయ్యేసరికి ఇంకా సగం మంది మిగిలారు.

సందేశ్ తిన్న ఆమె తన వంతు వచ్చాక కుర్చీలో కూర్చుని అడిగింది. "ఏటమ్మా, ఇంక పైకి చదవవా?"

"చదవను."

ఆదివారం నుంచి మంగళవారం పరీక్ష దాకా తను గంజి తప్ప ఏమీ తాగలేదని ఆమె చెప్పింది. రాసుకున్నాను.

ఇప్పుడు ఎంత ఆలస్యమైనా మా క్లినిక్‌లో అంకెలు పైకి చదవం.